బొమ్మ రాని గేమ్ కన్సోల్: లోపం ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, టీవీలో మాత్రం బొమ్మ రాదు, లేదా వచ్చినా చెదిరిపోతుంది. ఇలాంటి గేమ్ కన్సోల్‌ను "బోర్డు పోయింది" అని అటక మీదికి చేర్చడం తొందరపాటని నా అభిప్రాయం.

బొమ్మను గీసేది గ్రాఫిక్స్ చిప్. ప్లేస్టేషన్ 4 వంటి యంత్రాల్లో దాన్ని హెచ్‌డీఎంఐ (టీవీకి బొమ్మను, శబ్దాన్ని ఒకే కేబులులో పంపే పద్ధతి) సంకేతంగా మార్చే పని వేరొక చిన్న చిప్‌ది. అక్కడి నుంచి ఆ సంకేతం కేబులు గుచ్చే పోర్టుకు, కేబులుకు, చివరికి టీవీకి చేరుతుంది. కాబట్టి లోపం బొమ్మను గీసే చోట ఉందా, పంపే చోట ఉందా అన్నది ముందు తేలాలి. బొమ్మ చెదురుతున్న సమయంలోనే కన్సోల్‌లో స్క్రీన్‌షాట్ తీసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌లో చూడండి. అందులోనూ అవే గళ్లు, అవే చారలు ఉంటే అనుమానించాల్సింది గ్రాఫిక్స్ చిప్‌ను, దాని మెమరీని. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే గీయడం సరిగానే జరుగుతోంది, లోపం ఆ తర్వాతి దారిలో ఉంది. పైసా ఖర్చులేని ఈ పరీక్షను ఎవరూ చేయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బొమ్మ అసలే రాకపోతే ముందుగా మరో కేబులు, మరో టీవీ పెట్టి చూడాలి. తర్వాత ప్లగ్గు తీసేసి, ఫోన్ టార్చి వెలుతురులో భూతద్దంతో పోర్టు లోపలికి చూడాలి. పైవరుసలో 10, కిందివరుసలో 9, మొత్తం 19 పిన్నులు సమాన దూరంలో కనిపించాలి. కేబులును వంకరగా తోసినప్పుడు ఒక పిన్ను వంగి పక్కదాన్ని తాకినా చాలు, బొమ్మ ఆగిపోతుంది. పోర్టు బాగున్నట్టే కనిపిస్తే, కన్సోల్‌ను విప్పి, మల్టీమీటరును డయోడ్ మోడ్‌లో (చిన్న కరెంటు పంపి వోల్టేజీ తేడాను చూపే అమరిక) పెట్టి, ఎర్ర ప్రోబును గ్రౌండుకు, అంటే పోర్టు లోహపు తొడుగుకు, నల్లదాన్ని ఒక్కొక్క సంకేత పిన్నుకు తాకించాలి. వీడియో మోసే మూడు జతలూ, వాటికి లయనిచ్చే క్లాక్ జతా దాదాపు ఒకే విలువ చూపాలి. ఒకటి మాత్రమే వేరుగా ఉంటే ఆ దారిలోనే తెగుడో షార్టో ఉంది. కన్సోల్‌ను విప్పేటప్పుడు పవర్ సప్లై డబ్బాను మాత్రం తెరవవద్దు. మన 230 వోల్టుల కరెంటు అందులోని పెద్ద కెపాసిటర్‌లో (విద్యుత్తును నిల్వచేసే భాగం) 300 వోల్టులకు పైగా నిలుస్తుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉండగలదు.

గ్రాఫిక్స్ చిప్‌ను హీట్ గన్‌తో వేడిచేస్తే బాగవుతుందన్న సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. చిప్‌ను బోర్డుకు అతికించే లోహమైన సోల్డర్ కరిగి మళ్లీ అతుక్కుంటుందన్నది ఆ సలహా వెనకున్న ఆశ. సీసం కలిపిన పాత సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరిగేది. ఇప్పటి సీసంలేని రకాలకు సుమారు 217 డిగ్రీలు కావాలి. అంత వేడిని అంచనా మీద పట్టిస్తే బోర్డు ఉబ్బుతుంది, పక్కనున్న ప్లాస్టిక్ కరుగుతుంది. పైగా బొమ్మను ఆపే పగులు చాలాసార్లు చిప్ కింది సోల్డర్‌లో కాక, చిప్ లోపలి సూక్ష్మమైన అతుకుల్లో ఉంటుంది. పదేపదే వేడెక్కి చల్లారడం వల్ల అవి విడిపోతాయి, బయటి వేడికి కాసేపు కలిసినట్టయి మళ్లీ విడిపోతాయి. తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360ల వైఫల్యాల కారణంగా 2007లో వారంటీని పొడిగించి, మైక్రోసాఫ్ట్ వంద కోట్ల డాలర్లకు పైగా భరించాల్సి వచ్చింది.

తిరుపతి ఎండల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో గాలి ఆడని టీవీ స్టాండులో కన్సోల్‌ను పెడితే ఆ అతుకుల మీద ఒత్తిడి మరింత పెరుగుతుంది. ఉరుములు మెరుపులున్న రోజు ప్లగ్గుతోపాటు హెచ్‌డీఎంఐ కేబులును, టీవీకి వచ్చే కేబుల్ కనెక్షన్‌ను కూడా తీసేయాలి, ఎందుకంటే ఒక్కసారిగా ఎగసే కరెంటు (సర్జ్) ఆ దారిలోనూ వచ్చి హెచ్‌డీఎంఐ చిప్‌ను కాల్చగలదు. ఇక పోర్టు మార్చడం ఇంట్లో చేసే పని కాదు. మైక్రోస్కోప్ కింద హాట్ ఎయిర్‌తో పనిచేసే సెల్‌ఫోన్ రిపేరు నిపుణుడి చేయి దానికి కావాలి. ఏ పిన్ను దగ్గర విలువ తేడాగా వచ్చిందో కాగితం మీద రాసుకుని వెళితే, గ్రాఫిక్స్ చిప్ పోయిందని చెప్పి పంపేయకుండా నేరుగా ఆ పిన్నునే చూడమని అడగవచ్చు.