చేర్యాల పటం: బొమ్మకు గుర్తింపు వచ్చింది, పాట సంగతేంటి?

సర్కారు ఆఫీసుల గోడల మీద, హస్తకళల షోరూముల్లో, ఆఖరికి తాళంచెవి గొలుసుల మీద కూడా చేర్యాల బొమ్మ కనిపిస్తుంది. దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, జాతీయ అవార్డులు అందుకున్న చిత్రకారులున్నారు. అదే బొమ్మను ముందు పెట్టుకుని రాత్రంతా కథ పాడిన బృందాలు మాత్రం ఈ లెక్కల్లో ఎక్కడా లేవు. ఈ తేడా ఎక్కడ మొదలైంది?

చేర్యాల పాత వరంగల్ జిల్లాలోది. 2016 జిల్లాల విభజనలో సిద్దిపేటకు వెళ్లింది. అక్కడి నకాషీ చిత్రకారుల కుటుంబాలు తరతరాలుగా పొడవాటి గుడ్డల మీద కథల పటాలు గీసింది కథ చెప్పుకుని బతికే ఆశ్రిత కులాల కోసం. ఒక్కో కులానికి ఒక్కో బృందం, ఒక్కో పురాణం. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు. గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, చాకలి వాళ్లకు మడేల్ పురాణం చెప్పే పటమోళ్లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలి వాళ్లు. గొల్లలకు కథ చెప్పే మందెచ్చుల వాళ్లది కొంచెం వేరే పద్ధతి. పటం బదులు బొమ్మలు నిలబెట్టి చెప్తారు. ఆ బొమ్మలు చేసిందీ నకాషీలే.

పటం అంటే మూడడుగుల వెడల్పు, నలభై అడుగులు దాటే పొడవు. ఖాదీ గుడ్డకు గంజి, తెల్ల సుద్ద, చింతగింజల జిగురు పట్టించి గట్టిపరుస్తారు. బొమ్మల వెనక నేపథ్యమంతా ఎరుపు. ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మలు, గడికీ గడికీ మధ్య పూల అంచు. ఆ ఎరుపు అందం కోసమే అనుకుంటాం గానీ, దీపాల వెలుతురులో దూరంగా కూర్చున్న మనిషికి కూడా బొమ్మ విడిగా కనపడాలంటే అలాంటి రంగు కావాల్సిందే. మొదటి గడిలో వినాయకుడు, అక్కణ్నుంచి కిందికి కథ. పటాన్ని ఒక్కో గడీ విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ ప్రధాన కథకుడు పాడతాడు, పక్కవాళ్లు వంత పాడతారు. తాళాలు, మద్దెల, ఇంకొన్ని చోట్ల హార్మోనియం. డక్కలి వాళ్లకైతే కిన్నెర. పాట ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ మాటల్లోకి దిగాలో కథకుడికి గుర్తు చేసేది ఎదురుగా ఉన్న గడి. అంటే పటం ఒక రకంగా అతని చేతిలోని స్క్రిప్టు. బొమ్మా పాటా కలిపి కొత్త ప్రయోగమంటూ నగరాల గ్యాలరీల్లో ఇప్పుడు పెడుతున్న ప్రదర్శనలు చూస్తే కూనపులి వాళ్లు ఏమనుకుంటారో!

పటానికి ప్రాణమున్నట్టే చూసేవారు. కొత్తదానికి పూజ చేసి తీసుకెళ్లేవారు. చిరిగి పనికిరాకుండా పోతే నీళ్లలో కలిపేవారు. పాత పటాలు తక్కువగా దొరకడానికి ఇదో కారణం. దొరికినవాటిలో 17వ శతాబ్దం నాటిదని చెప్పేదొకటి హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో ఉంది. పాట ఇంకా పాతది. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడటం 15వ శతాబ్దం నాటిదని చెప్పే క్రీడాభిరామం కావ్యంలోనే కనిపిస్తుంది.

ఇదంతా నడిచింది మిరాశి మీద. ఏ ఊళ్లో ఏ బృందం కథ చెప్పాలో వంశపారంపర్యంగా వచ్చిన హక్కు అది. అన్నదమ్ములు పంచుకునేవారు, అవసరం పడితే తాకట్టు పెట్టేవారు కూడా. కథ అయ్యాక ఆ కులం వాళ్లు ఇచ్చే త్యాగం, అంటే సంభావన మీద బృందం బతికేది, బృందం ఇచ్చే ఆర్డర్ల మీద నకాషీ ఇల్లు గడిచేది.

సినిమా, టీవీ వచ్చి పటం కథను చంపేశాయని అందరూ చెప్పే మాట. అది సగమే. మగ్గాలు మూతబడి పద్మశాలీలు భీవండికి, సూరత్‌కు, షోలాపూర్‌కు వెళ్లిపోయాక, ఊళ్లో మిరాశి ఉండి కూనపులి వాళ్లు ఎవరిని త్యాగం అడగాలి? మిగతా కులవృత్తులు దెబ్బతిన్నచోటా ఇదే జరిగింది. చదువుకున్న పిల్లలకు కులం పేరిట వచ్చి చేయి చాచే కథకుడంటే కొంత నామోషీ కూడా. ఆ నామోషీని తప్పుపట్టలేం. మిరాశిలో గౌరవం ఎంత ఉందో, అంతస్తుల లెక్క కూడా అంతే ఉంది.

ఆర్డర్లు తగ్గాక నకాషీలకు ఇంకో దారి దొరికింది. హస్తకళల సంస్థలు, షోరూములు పొడవాటి పటం అడగలేదు, ఫ్రేములో ఇమిడే ఒక్క గడి అడిగాయి. పురాణం పోయి బతుకమ్మ, బోనాలు, కల్లు గీత, నాట్లు వచ్చాయి. మాస్కులు వచ్చాయి. కొన్ని కుటుంబాలు ఇలా నిలదొక్కుకున్నాయి, అది మంచిదే. కథకులకు అలా ముక్కలు చేసి అమ్ముకోవడానికి ఏముంది?

చట్టం కూడా అటే నడిచింది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం వస్తువులకు సంబంధించింది. గుడ్డ మీద బొమ్మ వస్తువు, పాట కాదు. ఇక పద్మ అవార్డులు వ్యక్తులకు. 2022లో డక్కలి కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు, కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. మొగిలయ్యది నాగర్‌కర్నూల్ వైపు, రామచంద్రయ్యది మణుగూరు దగ్గరి కూనవరం. సమ్మక్క సారలమ్మల కథ పాడే డోలీల దగ్గర పటం ఉండదు, పడిగె ఉంటుంది. వంశ చరిత్రను బొమ్మలుగా నింపిన జెండా గుడ్డ అది. రామచంద్రయ్య 2024లో చనిపోయారు. అవార్డు ఆయనకు వచ్చింది, ఆయన పాటకు ఆధారమైన పడిగెకు, పక్కన వంత పాడేవాళ్లకు ఏ పట్టికలోనూ చోటు లేదు. వస్తువుకొక గుర్తింపు, మనిషికొక గుర్తింపు ఉన్నాయి గానీ బొమ్మ, పాట, బృందం మూడూ కలిస్తేనే పూర్తయ్యే కళకు మాత్రం ఏదీ లేదు.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. పరిశోధన, రికార్డింగు అక్కడ జరగాల్సిన పనే. కానీ ఆడే బృందానికి ముందు కావాల్సింది పటం. షోరూములో ఒక్క గడికి వస్తున్న ధర చూశాక, యాభై గడుల పటం గీయించుకోవడం త్యాగం మీద బతికేవాళ్లకు అయ్యే పనేనా? ప్రభుత్వం గోడలకు ఎలాగూ చేర్యాల బొమ్మలు కొంటోంది. అదే ఖర్చులోంచి ఏటా కొన్ని పూర్తి పటాలు గీయించి బృందాలకు ఇస్తే, నకాషీకి పాత పని దొరుకుతుంది, కథకుడికి పటం దొరుకుతుంది.