గోడౌన్‌లో మిగిలిన సరుకు నుంచి పుట్టిన డాంకీ కాంగ్

మారియో అనగానే మనలో చాలామందికి 1990ల్లో టీవీకి తగిలించి ఆడిన కాసెట్ గేమే గుర్తొస్తుంది. కానీ ఆ మీసాలాయన మొదట కనిపించింది అందులో కాదు, 1981లో వచ్చిన డాంకీ కాంగ్ అనే ఆర్కేడ్ ఆటలో, అంటే నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్ ఆటలో. ఆ ఆట తయారైంది కూడా అమ్ముడుపోని సరుకును ఎలాగైనా వదిలించుకోవడానికి.

జపాన్‌లోని క్యోటోలో 1889లో పేకముక్కల తయారీతో మొదలైన కంపెనీ నింటెండో. 1970ల్లో ఆర్కేడ్ మెషీన్లలోకి దిగింది. అమెరికా శాఖ బాధ్యత అధ్యక్షుడు హిరోషి యమౌచి అల్లుడు మినోరు అరకావాది. ఆయన రాడార్ స్కోప్ అనే షూటింగ్ గేమ్‌ను నమ్ముకుని సుమారు 3,000 మెషీన్లు తెప్పించాడు. అవి వచ్చేసరికే జనానికి మోజు తీరిపోయింది. రెండు వేల దాకా గోడౌన్‌లో పడి ఉన్నాయి. ఆ పెట్టెల్లోనే అమర్చేలా కొత్త ఆట ఏదైనా పంపమని అల్లుడు మామగారిని అడిగాడు.

ఆ పని షిగెరు మియమోతో చేతికి వచ్చింది. ఇండస్ట్రియల్ డిజైన్ చదివి 1977లో చేరిన కుర్రాడు, ప్రోగ్రామర్ కాదు. పర్యవేక్షణ నింటెండో సీనియర్ ఇంజినీర్ గున్‌పే యొకోయిది, కోడ్ పని ఎక్కువగా ఇకెగామి త్సూషింకి అనే బయటి సంస్థది. మొదట పొపాయ్ కార్టూన్ పాత్రలతో (నావికుడు పొపాయ్, అతని ప్రియురాలు ఆలివ్, విలన్ బ్లూటో) ఆట చేద్దామనుకున్నారు, హక్కులు కుదరలేదు. దాంతో కథ అలాగే ఉంచి మనుషుల్ని మార్చేశారు. బ్లూటో స్థానంలో గొరిల్లా, ఆలివ్ స్థానంలో ఎత్తుకుపోయిన అమ్మాయి, పొపాయ్ స్థానంలో ఒక వడ్రంగి వచ్చారు. ఆ వడ్రంగిని అప్పట్లో జంప్‌మ్యాన్ అనేవారు.

అతని రూపం కూడా ఇబ్బందుల్లోంచే వచ్చింది. స్క్రీన్ మీద బొమ్మకు దొరికిన కాసిని చుక్కల్లో (పిక్సెళ్లలో) నోరు గీయడం కష్టం కాబట్టి పెద్ద ముక్కు, దాని కింద మీసం పెట్టారు. జుట్టు గీసే బాధ తప్పించుకోవడానికి టోపీ. పరిగెత్తేటప్పుడు చేతులు విడిగా కనబడాలని రెండు రంగుల బట్టలు. తర్వాత అమెరికా శాఖవాళ్లు తమ గోడౌన్ యజమాని మారియో సెగాలే పేరు అతనికి తగిలించారు.

ఆట చూడటానికి తేలికే. ఇనుప దూలాల మీద, నిచ్చెనల మీద పైకెక్కాలి. పైనుంచి గొరిల్లా దొర్లించే పీపాల్ని తప్పించుకోవాలి. నిచ్చెనలెక్కే ఆటలు అంతకుముందూ ఉన్నాయి. 1980 నాటి స్పేస్ పానిక్‌లో నిచ్చెనలున్నాయి, దూకడం మాత్రం లేదు. పీపా మీదికొస్తుంటే మనిషి సహజంగా ఏం చేస్తాడు? ఎగిరి దాటతాడు. ఒక్క బటన్‌తో దాన్ని ఆటలోకి తెచ్చారు. తర్వాత వచ్చిన, ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదికి ఎగురుతూ సాగే ప్లాట్‌ఫామ్ గేములన్నీ ఆ బటన్‌కి రుణపడ్డాయంటే అతిశయోక్తి కాదు.

అసలు టెన్షన్ పెట్టేది మాత్రం పీపాల బుద్ధి. నిచ్చెన దగ్గరికొచ్చిన పీపా తిన్నగా దొర్లిపోవచ్చు, ఉన్నట్టుండి నిచ్చెన మీంచి మన నెత్తిమీదికీ దిగొచ్చు. సుత్తి అందుకుంటే కాసేపు పీపాల్ని పగలగొట్టి పాయింట్లు కొట్టొచ్చు, కానీ అది చేతిలో ఉన్నంతసేపూ ఎగరలేం, నిచ్చెనెక్కలేం. పక్కన బోనస్ టైమర్ తగ్గిపోతూ ఉంటుంది. నా దృష్టిలో ఆటలో అన్నిటికంటే తెలివైన ఏర్పాటు ఆ సుత్తే. మొత్తం నాలుగు స్క్రీన్లు: పీపాలు, కన్వేయర్ బెల్టులు, లిఫ్టులు, చివర్లో దూలాల్ని బిగించిన 8 రివెట్లు (మేకులు) ఊడదీసి గొరిల్లాను కూలగొట్టడం. అంతకుముందు ఆర్కేడ్ ఆటల్లో ఒకే స్క్రీన్ తిరిగి తిరిగి రావడమే మామూలు.

అరకావా, ఆయన భార్య, మరికొందరు కలిసి గోడౌన్‌లో కూర్చుని రాడార్ స్కోప్ మెషీన్లను చేత్తో విప్పి కొత్త ఆట బిగించారు. పాత సరుకు అయిపోయింది, కొత్తగా వేలల్లో తయారు చేయాల్సి వచ్చింది. డబ్బు కనబడగానే 1982లో హాలీవుడ్ సినిమా కంపెనీ యూనివర్సల్ స్టూడియో కోర్టుకెక్కింది, ఇది మా కింగ్ కాంగ్ అనే గొరిల్లా సినిమా కాపీ అని. నింటెండో లాయర్ జాన్ కిర్బీ వాదనలో పదునైన పాయింటు ఒకటుంది. కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదని అంతకు కొన్నేళ్ల ముందు మరో కేసులో వాదించింది ఆ యూనివర్సలే! కింది కోర్టులో నింటెండో గెలిచింది, 1984లో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది.

1983 జులైలో నింటెండో ఫ్యామికామ్ అనే ఇంటి మెషీన్ తెచ్చినప్పుడు దాంతోపాటు విడుదలైన ఆటల్లో డాంకీ కాంగ్ ఒకటి. మన ఇళ్లకొచ్చిన చవక వీడియో గేములు ఆ ఫ్యామికామ్ నకళ్లే. కాకపోతే డాంకీ కాంగ్ ఇంటి వెర్షన్‌లో చోటు చాలక కన్వేయర్ బెల్టుల స్క్రీన్ తీసేశారు. కాసెట్‌లో మూడు స్క్రీన్లే చూసినవాళ్లకు నాలుగోది ఆర్కేడ్ మెషీన్‌లోనే ఉండిపోయింది.