ముగ్గురు కాదు, ఒక్కరేనని చూపించాలి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో రేణిగుంట విమానాశ్రయంలో చేరాలనుకునేవాళ్ళున్నారు, ఓడ ఎక్కాలనుకునేవాళ్ళున్నారు. ఈ ఉద్యోగాలకు పనితనం ఒక్కటే చాలదు. మీరు మీరేనని మీ కాగితాలన్నీ ఒకే మాట చెప్పాలి.

మన దగ్గర ఎక్కువ చిక్కు ఇంటిపేరుతోనే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం మిగులుతుంది, పాస్‌పోర్టులో అదే పేరు చివరికి పోతుంది. ఇంట్లోవాళ్ళకు ముగ్గురూ ఒకరే. ఎక్కడో కూర్చుని సరిపోల్చే అధికారికి ముగ్గురు మనుషులు. మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ పట్టుకుని మిగతావి ఇప్పుడే సరిచేయించుకోండి. ఉద్యోగం వచ్చాక పరుగెత్తితే గడువు దాటిపోతుంది.

విమానాశ్రయం లోపల పనిచేయాలంటే ఏరోడ్రోమ్ ఎంట్రీ పర్మిట్ కావాలి. ఈ పాస్ ఇచ్చేది బీసీఏఎస్ అనే కేంద్ర విమానయాన భద్రతా సంస్థ, దరఖాస్తు పెట్టేది మీ కంపెనీ. ముందు పోలీసు విచారణ ఉంటుంది. తిరుపతిలో గది తీసుకుని ఉంటూ ఆధార్‌లో పుత్తూరు చిరునామా ఉంటే రెండూ రాయండి. విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌కు ఆ ఇంట్లో మిమ్మల్ని ఎరిగినవాళ్ళు లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. ఏదైనా కేసు ఉంటే అస్సలు దాచొద్దు. చిన్న గొడవ కేసుకన్నా, లేదని రాసి సంతకం పెట్టడమే పెద్ద తప్పవుతుంది. పాస్ వచ్చాక అందులో రాసిన జోన్లు దాటకండి, గేటు దగ్గర కాపలా ఉండే సీఐఎస్‌ఎఫ్ కేంద్ర బలగం వాళ్ళు చూసేది అదే. ఉద్యోగం మానేస్తే తిరిగి ఇచ్చేయాలి.

ఓడ మీద సీడీసీ, అంటే నావికుడికి ప్రభుత్వం ఇచ్చే పుస్తకమే మీ గుర్తింపు. దానికి తోడు, మన దేశం 2015లో ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ముఖం గుర్తులతో బయోమెట్రిక్ కార్డు కూడా ఇస్తున్నారు.

కృష్ణపట్నం రేవుకు వచ్చే విదేశీ నావికులకూ ఇదే తంతు. ఓడ రాకముందే ఏజెంటు సిబ్బంది జాబితా పంపుతాడు, ఇమ్మిగ్రేషన్ వాళ్ళు షోర్ లీవ్ పాస్, అంటే ఓడ దిగి ఊళ్ళోకి వెళ్ళే అనుమతి, ఇస్తేనే గట్టు మీద అడుగు. జాబితాలో పాస్‌పోర్టు నంబరు ఒక్క అంకె తప్పినా, నెలల తరబడి నీళ్ళ మీద ఉన్న మనిషి ఓడలోనే ఉండిపోవచ్చు. అందుకే మీరు ఓడ ఎక్కాక అలాంటి జాబితాలో మీ వరుసను మీరే ఒకసారి చదువుకోండి.

అమెరికా రేవులో దిగాలంటే ఓడ సిబ్బందికిచ్చే సీ1/డీ వీసా ఉండాలి. రేవులో ఒంటరిగా తిరగడానికి అక్కడి కార్మికులకుండే ట్విక్ అనే గుర్తింపు కార్డు మీకుండదు కాబట్టి ఓడ నుంచి గేటు దాకా ఎవరో ఒకరు తోడు రావాలి. ఆ తోడుకు నావికుల దగ్గర డబ్బు తీసుకోకూడదని 2019లో అక్కడ నిబంధన వచ్చింది. ఎవరైనా అడిగితే ఇవ్వకండి, కెప్టెన్‌కు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య