మానేరు: పారని నదికి పారే నది కొలత

ఎండలు ముదిరేసరికి మానేరు నీటిలో ఆక్సిజన్ సరిపడా ఉందా లేదా అని అధికారులకూ మత్స్యకారులకూ మధ్య ఉన్న పాత వాదన మళ్లీ మొదలైంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల్లో వరంగల్ నుంచి సోమనపల్లి వరకు మానేరు ఉన్న సంగతీ, దరిమిలా జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలను నదుల శుద్ధి ప్రణాళికలు అడిగిన సంగతీ తెలిసినవే. చిక్కు మాత్రం అంతకు చాలా ముందటిది.

మురుగు శుద్ధికి మన దేశంలో చాలాకాలం ఆనవాలుగా నిలిచిన ‘ఇరవై–ముప్పై’ లెక్క బ్రిటన్‌లో మురుగు పారవేతపై వేసిన రాయల్ కమిషన్ 1912లో చెప్పినది. లీటరుకు బీఓడీ (మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 20, నీటిలో కలిసి ఉండే ఘన మలినాలు 30 మిల్లీగ్రాములు మించరాదన్న ఆ కమిషన్, వదిలిన నీటికి కనీసం ఎనిమిది రెట్ల నదీ ప్రవాహం తోడవుతుందన్న లెక్కతోనే ఆ అంకెలు చెప్పింది. అంకెలు మన దాకా వచ్చాయి గానీ ఆ ప్రవాహం రాలేదు. దిగువ మానేరు ఆనకట్ట గేట్లు మూసి ఉన్న నెలల్లో ఇసుక మధ్య సన్నగా కదిలే నీటిలో ఊళ్ల మురుగు పాలే ఎక్కువ. పైగా 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో తొమ్మిది మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్, 35 డిగ్రీల వద్ద ఏడుకు మించదు.

2015 ముసాయిదాలో బీఓడీ పరిమితిని 10గా ప్రతిపాదించిన కేంద్రం, 2017 అక్టోబరులో మహానగరాలకు, చాలా రాష్ట్ర రాజధానులకు 20, వరంగల్, కరీంనగర్ వంటి మిగతా ఊళ్లకు 30 చాలంది. 2019 ఏప్రిల్‌లో ట్రిబ్యునల్ మళ్లీ 10కే రావాలని ఆదేశించింది. అసలు మలుపు 2017 నాటి ఆ సడలింపేనని ఈ రచయిత అభిప్రాయం.

నమూనాల్లో ఆక్సిజన్ సరిపడా ఉందన్నది అధికారుల మాట. చేపల మనుగడకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి. మధ్యాహ్నం సీసాలో నీళ్లు బుడగ రాకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షార అయోడైడు కలిపితే గోధుమరంగు మడ్డి దిగుతుంది, అంటే ఆక్సిజన్ ఉన్నట్టే. పగలు నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే నాచు మురుగులోని సూక్ష్మజీవులతో కలిసి దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజామున వలతో దిగినవాళ్లకు కనిపించేది నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్న చేపలు. అప్పుడు నింపిన సీసాలో మడ్డి తెల్లగానే మిగలవచ్చు, అంటే ఆక్సిజన్ లేనట్టే. మత్స్యకారులు అడుగుతున్నది ఒకటే: నమూనా పొద్దు పొడవక ముందు, తమ ఎదుట తీయాలని.