రిమార్కుల గడిలో ఏం రాయాలి?

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఏ రొయ్యల చెరువు గట్టెక్కినా షెడ్డులో మేత బస్తాల మీద ఓ పొడుగాటి రిజిస్టరు కనిపిస్తుంది. తడి చేతులతో తిప్పీ తిప్పీ అంచులు ఉబ్బిపోయి ఉంటాయి. తేదీ, ఏ పూట ఎన్ని కిలోల మేత వేశారు, రొయ్య మేత తిందో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ల పీహెచ్ ఎంత, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంత, మినరల్స్ ఏం చల్లారు... అన్నీ ఉంటాయి. చిట్టచివర ‘రిమార్కులు’ అని ఒక గడి. అది మాత్రం పేజీల తరబడి ఖాళీ. మహా అయితే ఓ అడ్డగీత.

“మాకు రాసే అలవాటు ఎక్కడుందండీ” అనే డెల్టావాళ్లలో చాలామంది రోజూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. కౌలు లెక్క, కొబ్బరి దింపుల లెక్క, పాల ఖాతా. అందుకే కొత్త డైరీ కొని జనవరి ఒకటో తారీఖున ముహూర్తం పెట్టుకోమని నేను చెప్పను. ఉన్న లెక్క పక్కనే ‘ఎందుకు’ అన్నదానికి నాలుగు ముక్కలు రోజూ రాస్తూ పోతే మనిషికి ఏమవుతుందన్నదే ఇక్కడ సంగతి.

ముందు చెరువునే చూద్దాం. ఫలానా రోజు మేత సగానికి తగ్గించారు. అంకె ఉంది, కారణం లేదు. తీరా పట్టుబడి నాడు అనుకున్న కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) రాలేదు. “ఆ రోజు అమావాస్య, రొయ్య మోల్టింగులో ఉంది, అందుకే తగ్గించాం” అంటాడు తండ్రి. “కాదు నాన్నా, రెండ్రోజులు మబ్బు పట్టింది, తెల్లారుజామున డీవో పడిపోయింది” అంటాడు కొడుకు. రెండూ జరిగేవే. రొయ్య పెంకు వదిలేటప్పుడు మేత సరిగా ముట్టదు. మబ్బు రోజున నీళ్లలోని నాచుకు ఎండ చాలక ఆక్సిజన్ తక్కువ తయారవుతుంది, ఉన్న కాస్తనీ రాత్రంతా చెరువులోని ప్రాణులన్నీ పీల్చేస్తాయి. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఇద్దరికీ గట్టిగానే గుర్తుంది.

గట్టిగా గుర్తున్నంత మాత్రాన నిజమని నమ్మలేం. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక గాల్లోనే పేలిపోయింది. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మర్నాడు పొద్దున్నే విద్యార్థుల చేత ఒక ప్రశ్నపత్రం నింపించాడు. ఆ వార్త ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు, అప్పుడేం చేస్తున్నారు? రెండున్నరేళ్లు గడిచాక వాళ్లలో 44 మందిని అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. పావు వంతు మంది చెప్పినదాంట్లో ముఖ్యమైన వివరం ఒక్కటి కూడా మొదటి కాగితంతో కలవలేదు. తప్పు చెప్పినవాళ్లలో చాలామంది తడుముకోకుండా చెప్పారు. తమ దస్తూరీ తమకే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. జ్ఞాపకం గుర్తు చేసుకున్న ప్రతిసారీ కొత్తగా అల్లుకుంటుంది. ఆ అల్లికలో తర్వాత విన్నవీ, టీవీలో చూసినవీ కలిసిపోతాయి.

అదే ఏడాది ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహమని రికార్డుల్లో ఉంది. ఇంట్లోకి నీళ్లు అరుగు దాకా వచ్చాయా, గడప దాటాయా అంటే మాత్రం మేనత్త ఒకటి చెబుతుంది, బాబాయి ఇంకోటి చెబుతాడు.

మన గురించి మనకున్న జ్ఞాపకాలకూ ఇదే జబ్బు. “నేను ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నా” అనే మాట వినని ఇల్లుండదు. ఫలితం తెలిశాక, అది మనకు ముందే తెలుసన్న భ్రమ కలగడం మనసుకున్న మామూలు గుణం. రాసిపెట్టుకున్నవాడికి ఆ మాట అనడం కష్టం. రేటు పెరుగుతుందని తాను ఏ ధీమాతో సరుకు ఆపాడో తన చేతిరాతలోనే ఉంటుంది. చదువుకుంటే చిరాకేస్తుంది. మనిషి ఎదగడం ఆ చిరాకు దగ్గరే మొదలవుతుందని నేననుకుంటాను.

1986 మనల్ని ఇప్పట్లో వదిలేలా లేదు. అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ రాత మీద తమ ప్రసిద్ధ ప్రయోగాన్ని ప్రచురించిందీ ఆ ఏడాదే. 46 మంది కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. కొందరు తమ జీవితంలోని పెద్ద దెబ్బ గురించి రాశారు, కొందరు మామూలు విషయాలు రాశారు. జరిగిన సంగతినీ, దానివల్ల పడ్డ బాధనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. ఇది తెలియకే చాలామంది రెండో రోజే మానేస్తారు.

తర్వాతి ఏళ్లలో పెన్నెబేకర్ బృందం ఇలాంటి రాతల్లోని మాటల్నే లెక్కపెట్టింది. ‘ఎందుకంటే’, ‘అందువల్ల’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు రోజురోజుకూ పెరిగినవాళ్లకు ఎక్కువ మేలు కనిపించింది. ఊరికే కడుపులోది కక్కేయడం కన్నా, కారణం వెతికే రాత పనికొస్తుందన్నమాట. “అబ్బాయి మీద అరిచాను” అని రాస్తే సగమే. “అబ్బాయి మీద అరిచాను, ఎందుకంటే అంతకుముందే ఫీడు డీలరు బాకీ కోసం ఫోన్ చేశాడు” అని రాస్తే కోపం అసలు చిరునామా దొరుకుతుంది. అలాంటివి నెల రోజులు పోగైతే, ఇంట్లో గొడవ జరిగిన రోజులూ డీలరు ఫోన్ వచ్చిన రోజులూ ఒకటేనని తెలిసిపోవచ్చు. తలలో తిప్పుకుంటూ కూర్చుంటే ఇది తేలదు. మనసు ఒక్కసారికి పట్టుకోగలిగేది నాలుగు విషయాలకు అటూ ఇటూ, అంతే.

అలాగని రాతను సర్వరోగ నివారిణి చేయొద్దు. 2006లో ఇలాంటి 146 అధ్యయనాల్ని కలిపి చూస్తే సగటున తేలిన మేలు నిజమైనదే కానీ చిన్నది. భార్యాభర్తలు విడిపోయిన కొత్తలో, దాన్నే పదే పదే తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లకు ఇలా రాయడం ఎదురు తిరిగిన సందర్భమూ ఉంది. రాసేకొద్దీ టెన్షన్ పెరిగి నిద్ర పట్టకపోతే ఆపేసి డాక్టరును కలవాలి. ఇంకో మాట. షెడ్డులో రిజిస్టరు అందరూ తిరగేస్తారు. సొంత గొడవలకు వేరే నోట్‌బుక్కు పెట్టుకోవడం మంచిది. ఎవరో చదువుతారన్న భయం ఉంటే చేయి నిజం రాయదు.

ఇక రోజూ రాయడం ఎలా? అలవాటుకు 21 రోజులు చాలన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం లండన్‌లో 96 మందిని 12 వారాలు గమనించి వేసిన లెక్క వేరేలా ఉంది. పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 దాకా (12 వారాలు దాటినది అంచనా). వాళ్లు చూసింది రాతను కాదు, నీళ్లు తాగడం, పళ్లు తినడం, వ్యాయామం లాంటివి. అయినా కిటుకు మనకూ పనికొస్తుంది. కొత్త పనిని రోజూ ఎలాగూ జరిగే పాత పనికి ముడేయాలి. ‘రాత్రి ఎప్పుడో ఒకప్పుడు రాస్తాను’ అంటే జరగదు. ఆఖరి మేత వేసి, చేతులు కడుక్కోగానే పెన్ను పట్టుకుంటే జరుగుతుంది. గుమ్మానికి ముగ్గేసి కాఫీ తాగిన వెంటనే అనుకున్నా ఫర్వాలేదు.

ఒక రోజు తప్పితే అలవాటు చెడదని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది. కాబట్టి సంక్రాంతి మూడు రోజులూ చుట్టాలతోనో, పందెం బరుల దగ్గరో గడిచిపోయాయని బెంగ అక్కర్లేదు. అలాగని ముక్కనుమ నాడు కూర్చుని ఆ మూడు రోజులవీ గుర్తుతెచ్చుకుని నింపకండి. అవి అప్పటికే సగం కల్పితం అయిపోయి ఉంటాయి. ఇవాళ్టి తేదీ వేసి ఇవాళ్టిదే రాయండి.