“ఆ పుస్తకం బ్యాన్ అయింది కదా మేడం?”: కొన్ని అపోహలు, వాస్తవాలు

లైబ్రరీ ఇష్యూ కౌంటర్‌లో కూర్చున్నాక ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగేవాళ్లు ముందు అటూ ఇటూ చూస్తారు, తర్వాత గొంతు తగ్గిస్తారు. మొన్న ఎండాకాలంలో ఒకావిడ వచ్చింది. వాళ్ల నాన్నగారు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు, ఈమధ్యే పోయారు. ఇల్లు సర్దుతుంటే ఒక పుస్తకం దొరికిందట. దాన్ని పాత పేపర్లో చుట్టి, కూరగాయల సంచిలో అడుగున పెట్టి తెచ్చింది. విప్పితే రాధికా సాంత్వనం, వావిళ్ల వారి 1952 ప్రతి. అట్ట ఊడిపోయింది కానీ లోపల కాగితం గట్టిగానే ఉంది. అంచుల నిండా మాస్టారి పెన్సిల్ రాతలు.

“ఇది బ్యాన్ చేసిన పుస్తకమని మా వాట్సాప్ గ్రూపులో పెట్టారు మేడం. ఇంట్లో ఉంటే పోలీసులొస్తారా?”

రారమ్మా అన్నాను. కవయిత్రి ముద్దుపళని రాసిన ఈ కావ్యాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించిన మాట నిజం, అశ్లీలమని తెల్లవాళ్ల ప్రభుత్వం నిషేధించిన మాటా నిజం. కానీ టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఆవిడ చేతిలో ఉన్నది ఆ తర్వాత వేసిన ప్రతే. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల మాలపల్లి కూడా ఒకప్పుడు నిషేధంలో ఉన్నదే. ఇప్పుడు ఎంఏ పిల్లలు పరీక్షకి చదువుతున్నారు. ఒకసారి పడిన మచ్చ మాత్రం ఫార్వర్డ్ మెసేజిల్లో చావదు.

ఈ ఫార్వర్డ్‌లు రాసేవాళ్ల మీద నాకు కోపం. భయపడేవాళ్ల మీద కాదు, వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గొడవైంది, టీవీలో చర్చ పెట్టారు, కాబట్టి ఆ పుస్తకం బ్యాన్ అయినట్టే.

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. మన దగ్గర బీరువాల్లోంచి మాయమైన పుస్తకాల్లో చాలావాటి మీద ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేదు. ఎవరో నలుగురు వచ్చి అరిచారు, పైవాళ్లు ఫోన్ చేశారు, అంతే.

అసలు పద్ధతి ఇది. ఒక పుస్తకంలో మతాల మధ్య, వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం లాంటి ఫలానా నేరాల కిందికి వచ్చే రాత ఉందని రాష్ట్ర ప్రభుత్వానికి అనిపిస్తే, కారణాలు చూపిస్తూ నోటిఫికేషన్ ఇచ్చి ఆ పుస్తకం ప్రతులన్నీ ప్రభుత్వానికి జప్తు అయినట్టు ప్రకటించవచ్చు. ఇదివరకు ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 95వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 98వ సెక్షన్. “కారణాలు చూపిస్తూ” అన్న మాట అలంకారానికి పెట్టింది కాదు. కారణాలు రాయని జప్తు ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే హర్నాందాస్ కేసులో చెప్పింది. గెజిట్‌లో వచ్చిన రెండు నెలల్లోగా రచయితే కాదు, ఆ పుస్తకంతో సంబంధమున్న ఎవరైనా హైకోర్టుకు వెళ్లవచ్చు. ముగ్గురు జడ్జిల ప్రత్యేక బెంచి వింటుంది. శివాజీ మీద ఒక విదేశీ ప్రొఫెసర్ రాసిన పుస్తకాన్ని మహారాష్ట్ర ప్రభుత్వం జప్తు చేస్తే బాంబే హైకోర్టు కొట్టేసింది. 2010లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది.

అంటే ఎవరైనా “బ్యాన్ అయింది” అంటే మీరు అడగాల్సింది ఒక్కటే: నోటిఫికేషన్ ఏ ప్రభుత్వానిది, నంబరెంత, తేదీ ఎప్పటిది? చూపించలేకపోతే అది వాళ్ల కోరిక. ఆర్డర్ కాదు.

తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ సంగతే తీసుకోండి. ఆయన నవల బ్యాన్ అయిందని ఇప్పటికీ నాతో వాదించేవాళ్లున్నారు. 2015లో అధికారులు ఊళ్లో శాంతి సమావేశం పెట్టి, ఆయన చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. ఆయన రచయితగా చచ్చిపోయానని ప్రకటించుకున్నారు. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందానికి ఆయన కట్టుబడనక్కర్లేదంది. మధ్యలో నిషేధపు ఉత్తర్వు లేనే లేదు. హిందువుల గురించి అమెరికా ప్రొఫెసర్ వెండీ డోనిగర్ రాసిన పుస్తకాన్ని 2014లో వెనక్కి తీసుకున్నది కూడా ప్రచురణకర్తే, కేసులో రాజీ పడి. ప్రభుత్వం కాదు.

నేనేమీ ధైర్యవంతురాలినని చెప్పుకోవడం లేదు. చాలా ఏళ్ల కిందట, వేరే లైబ్రరీలో చేస్తున్నప్పుడు, ఆరుగురు వచ్చి ఒక తెలుగు పుస్తకం తీసేయాలని వినతిపత్రం ఇచ్చారు. పుస్తకం పేరు చెప్పను, మళ్లీ గొడవెందుకు. సాయంత్రం మా పైఅధికారి ఫోన్: “ఎందుకమ్మా రిస్కు, కొన్నాళ్లు పక్కన పెట్టు.” రాతపూర్వకంగా ఇవ్వండి సార్ అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మూడు ప్రతులూ గోనెసంచిలో వేసి, మెట్ల కింద గదిలో పెట్టాను. కొన్నాళ్లు అన్నది రెండేళ్లయింది. స్టాక్ వెరిఫికేషన్‌లో ఆ మూడు అక్సెషన్ నంబర్లూ (రిజిస్టర్‌లో ఒక్కో ప్రతికి ఇచ్చే నంబర్లు) ర్యాకులో కనపడలేదు. నాకు మెమో వచ్చింది. సంచి తీసుకొచ్చి బల్ల మీద గుమ్మరిస్తే పుస్తకాల బదులు చెదల మట్టి రాలింది. ఆ ఫోన్ కాల్ సంగతి మెమోకి జవాబులో ఎలా రాస్తాను? పుస్తకాల ఖరీదు నా జీతంలోంచే కట్టాను.

ఇప్పుడు ఎవరొచ్చినా వినతిపత్రం తీసుకుంటాను, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించి పైకి పంపిస్తాను. రాతలో ఆర్డర్ వచ్చేదాకా పుస్తకం ర్యాకులోనే ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇక్కడే టెన్షన్ పడతారు. బాబూ, నీ వెనక కాగితం ఉంటే నువ్వు సేఫ్. ఫోన్ కాల్‌కి సాక్ష్యం ఉండదు.

అపోహ: నిషేధించిన పుస్తకం ఇంట్లో ఉంటే జైలు.

ఆ సెక్షన్ చెప్పేది పుస్తకం జప్తు గురించి. చదివినందుకో, దగ్గరుంచుకున్నందుకో శిక్ష అని అందులో లేదు. పోలీసులు ప్రతిని స్వాధీనం చేసుకోవచ్చు, మేజిస్ట్రేట్ వారెంటుతో ఎస్‌ఐకి తగ్గని అధికారి సోదా చేయవచ్చు. అమ్మడం, పంచడం వేరే లెక్క. నోటిఫికేషన్ లేకపోయినా కేసు పడొచ్చు. 1964లో బొంబాయి పుస్తకాల షాపువాళ్లకి అశ్లీలత కింద పడిన శిక్షను సుప్రీంకోర్టే సమర్థించింది. అశ్లీలతను తేల్చే ఆ పాత కొలమానాన్ని 2014లో అదే కోర్టు పక్కన పెట్టింది. నిషేధిత సంస్థల సాహిత్యం, ఉపా (ఉగ్రవాద కార్యకలాపాల మీద పెట్టే చట్టం) కేసులు పూర్తిగా వేరే దారి. అక్కడ నా మాట వినకండి, లాయర్ని కలవండి.

ఇంకొకటి. నోటిఫికేషన్ ఉన్నా సరే, పుస్తకాన్ని కాల్చెయ్యమని ఎక్కడా లేదు. జప్తు అయిన ప్రతి ప్రభుత్వానిది. దాన్ని మీరు పొయ్యిలో పెట్టడమేమిటి?

అపోహ: అది వేరే రాష్ట్రం ఆర్డర్, మనకి పట్టదు.

పడుతుంది. ఇక్కడ మాత్రం జనం అనవసరంగా ధీమాగా ఉంటారు. ఒక ప్రభుత్వం ప్రకటించాక దేశంలో ఎక్కడ ప్రతి దొరికినా పోలీసులు తీసుకోవచ్చని సెక్షన్‌లోనే ఉంది. 2025 ఆగస్టులో జమ్మూకశ్మీర్ హోంశాఖ ఒకేసారి 25 పుస్తకాలను ఈ 98వ సెక్షన్ కిందే జప్తు చేసింది. అలాంటి జాబితా వస్తే లైబ్రేరియన్ చదవాలి, తన రిజిస్టర్‌తో పోల్చి చూసుకోవాలి, పైవాళ్లకి రాయాలి.

అపోహ: సల్మాన్ రష్దీ నవల సటానిక్ వర్సెస్ మన దేశంలో చదవడమే నేరం.

1988లో పెట్టింది కస్టమ్స్ దిగుమతి నిషేధం. చదవడం మీద కాదు. ఆ నోటిఫికేషన్ కాపీ చూపించమంటే అధికారులు చూపించలేకపోయారు. అది లేనట్టే భావిస్తున్నామని 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు అంది. ఆ ఏడాది ఆఖరుకి ఢిల్లీలో షాపులో అమ్మారు. కాగితం చూపించండి అని నేనెందుకు పీడిస్తానో ఇప్పుడు అర్థమైందా?

అపోహ: జర్మనీలో హిట్లర్ ఆత్మకథ బ్యాన్, స్వస్తిక్ గీస్తే జైలు.

పుస్తకం సంగతి: యుద్ధం తర్వాత దాని కాపీరైట్ బవేరియా ప్రభుత్వం చేతిలో ఉండేది, వాళ్లు అచ్చుకి ఒప్పుకోలేదు. 2015 ఆఖరుకి కాపీరైట్ తీరిపోయింది. 2016లో మ్యూనిక్‌లోని చరిత్ర పరిశోధన సంస్థ దాన్ని రెండు సంపుటాలుగా, దాదాపు 2,000 పేజీల్లో, సుమారు 3,500 వ్యాఖ్యలతో తెచ్చింది. ప్రతి అబద్ధం పక్కనే దాని బండారం. నాకు తెలిసి ప్రమాదకరమైన పుస్తకానికి అంతకంటే మంచి జవాబు లేదు. తీసేసిన పుస్తకం మీద నోట్సు రాయలేం కదా.

గుర్తు సంగతి: అక్కడి శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ నాజీల గుర్తుల బహిరంగ వాడకాన్ని నిషేధిస్తుంది, మూడేళ్ల దాకా జైలు ఉంది. బోధన, పరిశోధన, కళలకు మినహాయింపు ఉంది. మా చెల్లెలి కొడుకు అక్కడ చదువుతున్నాడు. వాళ్లమ్మ పంపిన పూజ పళ్లెంలో స్వస్తిక్ ఉందని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు: “పెద్దమ్మా, పారేయనా?” పూజ గదిలో పెట్టుకోరా నాయనా, ఆ చట్టం నాజీల గుర్తు గురించి, మన పూజ గురించి కాదన్నాను. తలుపు బయట మాత్రం వేలాడదీయకు, చూసే పక్కింటావిడకి తేడా తెలియదు, ఆవిడ తాతల కథ మనకి తెలియదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2022లో నాజీ గుర్తును నిషేధించినప్పుడు హిందువుల, బౌద్ధుల, జైనుల స్వస్తిక్‌ను చట్టంలోనే విడిగా మినహాయించింది. అలా రాసి పెడితే ఎవరికీ గాభరా ఉండదు.

పుస్తకం తెచ్చిన ఆవిడ సంగతికి వస్తాను. రాధికా సాంత్వనం మా లైబ్రరీకే ఇచ్చేసింది. రసీదు రాస్తుంటే మెల్లగా చెప్పింది, ఆ మెసేజి చూసిన రోజే ఇంకో రెండు పుస్తకాలు పెరట్లో కాల్చేసిందట. ఏం పుస్తకాలమ్మా అన్నాను. పేర్లు చూడలేదంది. ఒకదానికి నీలం అట్ట, లోపల నాన్నగారి చేతిరాత చాలా ఉందంది.