వడదెబ్బ: చల్లబరచడంపై అపోహలు, వాస్తవాలు

నేను ఎమర్జెన్సీ డాక్టర్‌ని. వడదెబ్బ తగిలిన మనిషిని ఎలాగోలా ఆస్పత్రిలో పడేస్తే చాలు, మిగతాది డాక్టర్లు చూసుకుంటారనుకోవడమే అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. అంబులెన్స్‌కి వెంటనే ఫోన్ చెయ్యండి, కానీ అది వచ్చేదాకా ఆగకండి, చల్లబరచడం అక్కడికక్కడే మొదలుపెట్టండి. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ పైన ఎంతసేపు ఉంటే మెదడు, కాలేయం, కిడ్నీలు అంతగా దెబ్బతింటాయి. 30 నిమిషాల్లోపు 39 కిందకి దించగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ.

అపోహ: ఐసు నీళ్లలో ఉంచితే చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది.

చదువుకున్నవాళ్లు కూడా ఇదే చెబుతారు. నాళాలు ముడుచుకోవడం, వణుకు రావడం నిజమే, అయినా అంత చల్లటి నీళ్లు ఒంట్లోంచి వేడిని లాగేసే వేగం ముందు అవి నిలవవు. తొట్టిలో మెడ దాకా ఐసు నీళ్లలో ఉంచి, నీళ్లు కదుపుతూ ఉంటే దాదాపు 5 నిమిషాలకి ఒక డిగ్రీ తగ్గుతుంది. తల మునగకుండా ఒకరు చంకల కింద పట్టుకునే ఉండాలి. తొట్టి లేకపోతే టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుంటే అందులోనే ఐసు నీళ్లు పోయొచ్చు. అదీ కుదరకపోతే బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడుపుతూ ఫ్యాన్ గాలి గట్టిగా తగలనివ్వండి, గాలిలో తేమ ఎక్కువుంటే మాత్రం ఇది అంతగా పనిచెయ్యదు. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు ముక్కలు పెట్టి ఊరుకుంటే సరిపోదు.

అపోహ: చెమట పడుతోందంటే అది వడదెబ్బ కాదు.

ఎండలో పరుగెత్తినవాళ్లు, బరువు పనులు చేసినవాళ్లు చెమటతో తడిసి ముద్దయిన స్థితిలోనే పడిపోతారు. మీరు చూడాల్సింది మనిషి తీరు. తికమకగా మాట్లాడటం, తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం. చంకలో థర్మామీటర్ పెట్టి 38 చూపించిందని ధైర్యపడొద్దు, లోపల 41 ఉండొచ్చు, మలద్వారంలో చూసిన కొలతనే మేం నమ్ముతాం.

పారాసిటమాల్ దీనికి పనిచెయ్యదు. జ్వరంలో మెదడే ఉష్ణోగ్రతని పెంచుతుంది, ఆ మాత్ర దాన్ని సరిచేస్తుంది, ఇక్కడ ఆ సమస్యే లేదు, పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయం మీద ఇంకో భారం. స్పృహ సరిగా లేనివాళ్లకి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, దయచేసి ఆ పని చెయ్యకండి.

39 కిందకి రాగానే నీళ్లలోంచి తీసేయాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది. తేరుకుని మామూలుగా మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, కాలేయం, కిడ్నీలకి జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తర్వాత గానీ రక్తపరీక్షల్లో పూర్తిగా బయటపడదు.